శ్రావణం ఫంక్షన్లకు పాత ఫొటోల తోరణం: కత్తెర పట్టే ముందు

శ్రావణ ముహూర్తాలు దగ్గరపడ్డాయి. అనంతపురంలో ఇంట్లోనే కాగితపు తోరణం కట్టాలనుకునేవాళ్లు ఇవి చూసుకోండి.

అసలు ఫొటో కత్తిరించొద్దు, జిగురు పూయొద్దు. అవ్వా తాతల పెళ్లి ఫొటోకు నెగటివ్ చాలా ఇళ్లలో మిగలదు. 600 డీపీఐలో (స్కాన్ ఎంత స్పష్టంగా ఉండాలో చెప్పే కొలత) స్కాన్ చేయించి, ఆ ప్రింటే వాడండి.

ఫ్రేము అద్దానికి అతుక్కున్న ఫొటోను పీకొద్దు. మొహం మీది పొర అద్దంతోనే ఊడి వస్తుంది. అద్దం పైనుంచే, కాస్త పక్కవాటు వెలుతురులో ఫోటో తీస్తే చాలు.

తోరణంలో అక్షరాలు రాసే జెండా ముక్కల ఆకారం ముందే తేల్చుకోండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. మూడు మూలల జెండా కింద సన్నబడుతుంది; మన ఒత్తులేమో కిందికే దిగుతాయి. 'షష్టిపూర్తి' రాస్తే 'ష్టి'లో ట ఒత్తుకు చోటుండదు. నలుచదరపు ముక్కలే మేలు. అక్షరానికో ముక్క: 'శుభాకాంక్షలు'కు ఐదు.

కాగితం 200 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) పైన ఉండాలి. పలచనిది సాయంత్రానికే చుట్టుకుపోతుంది.

ఇంక్‌జెట్ ప్రింటు మీద మైదా జిగురు వద్దు, తడికి రంగు కారుతుంది. గ్లూ స్టిక్ వాడండి.

టేపును నమ్ముకోవద్దు. మన ఆషాఢ, శ్రావణాల గాలి తెలిసిందే. రంధ్రాలు చేసి పురికొస గుచ్చండి, ప్రతి ముక్క దగ్గరా ఒక ముడి వేయండి. లేకపోతే గాలికి అన్నీ ఒక మూలకు జరిగిపోతాయి.

పేర్లు, ఇంటిపేర్లు పెద్దవాళ్లకు ఒకసారి చదివి వినిపించండి.