పాత సూటుకు కొత్త టై: ఎలా ఎంచుకోవాలి, ఎలా కట్టుకోవాలి?

పెళ్లి రిసెప్షన్‌కి కుట్టించిన సూటు చాలా ఇళ్లలో కవరు కూడా తీయకుండా బీరువాలో వేలాడుతూ ఉంటుంది. తిరుపతి ఎండల్లో పగలు కోటు వేసుకునేదెవరు? ఎవరిదైనా సాయంత్రం రిసెప్షన్ ఉంటేనే అది బయటికొస్తుంది. అందుకే గుడ్డ పాడవదు. పాతగా కనిపించేది దాంతోపాటు సెట్‌గా ఇచ్చిన తళతళలాడే టై. ముందు దాన్ని మార్చి చూడండి.

అంతకన్నా ముందు కోటు ఒకసారి తొడుక్కోండి. నడుం దగ్గర బిగుతైతే, లోపల గుడ్డ వదిలి ఉంటే టైలర్ వదులు చేసిస్తాడు. భుజాలు కుదరకపోతే మాత్రం ఎంత మంచి టై కొన్నా దండగే.

కుదిరిందా, టేపు తీసుకుని కోటు లాపెల్, అంటే ఛాతీ మీద వెనక్కి మడిచి ఉండే పట్టీ, వెడల్పు కొలవండి. టై కింద బాగా వెడల్పుగా ఉండే చోట దాదాపు అంతే ఉండాలి. మూడు, మూడుంపావు అంగుళాల టై చాలా కోట్లకు నప్పుతుంది. సన్న టైలు కుర్రాళ్లకు బాగుంటాయి కానీ, కాస్త పొట్ట ఉన్నవాళ్లకు ఆ పొట్టే ఎత్తి చూపిస్తాయి.

రంగు విషయంలో, నేవీ బ్లూ సూటుకు మెరూన్ లేదా ముదురాకుపచ్చ, గ్రేకి నేవీ, బ్రౌన్‌కీ నేవీయే. టై ఎప్పుడూ చొక్కా కన్నా ముదురుగా ఉండాలి. గళ్ల చొక్కా అయితే సాదా టై. ఇంట్లోవాళ్ల చీర అంచుకు మ్యాచింగ్ కావాలంటే అదే రంగులో ఒక ఛాయ ముదురుది తీసుకోండి. టై గుడ్డతోనే చేసిన జేబు రుమాలు పెట్టారంటే మళ్లీ సెట్ వేషం వచ్చేస్తుంది, వద్దు.

గాంధీ రోడ్డులో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా టైని సన్న కొస దగ్గర పట్టుకుని వేలాడదీయండి. మెలి తిరిగితే తిరిగిచ్చేయండి. మంచి టైని ఆడవాళ్ల జాకెట్టు క్రాస్ కటింగ్‌లాగే గుడ్డను ఏటవాలుగా పెట్టి కత్తిరిస్తారు. అందుకే ముడి విప్పగానే మళ్లీ తిన్నగా అవుతుంది. అలా కోసిన గుడ్డను మూడు ముక్కలుగా కలిపి కుట్టే పద్ధతి 1920ల్లో న్యూయార్క్‌లో టైలు తయారుచేసే జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ తెచ్చాడు. వెనక దారం వదులుగా కనిపిస్తే లాగకండి. టై సాగడానికే దాన్నలా వదులుతారు.

మన దగ్గరే శ్రీకాళహస్తి ఉంది కాబట్టి, పట్టు మీద కలంతో వేసిన కలంకారీ గుడ్డ తెచ్చి టై కుట్టించుకోవచ్చు. పాత టై విప్పి టైలర్‌కి నమూనాగా ఇవ్వండి. చిన్న తీగలు, ఆకులున్న గుడ్డే ఎంచుకోండి. దేవుడి బొమ్మలున్నది తెస్తే స్వామివారి ముఖం మడతలోకి పోతుంది.

ముడి సులువే. చొక్కా పై గుండీ పెట్టుకుని, వెడల్పు కొసను సన్న కొస కన్నా అడుగు కిందికి దింపండి. దాన్ని సన్న కొస మీదుగా తిప్పి, కింద నుంచి తెచ్చి, మళ్లీ మీదుగా వేయండి. మెడ దగ్గర లోపలి నుంచి పైకి లాగి, ముందు ఇప్పుడే ఏర్పడిన ఉచ్చులో పైనుంచి కిందికి దూర్చండి. బిగించేటప్పుడు ముడి కింద చూపుడు వేలితో చిన్న సొట్ట పెట్టండి, అందం అక్కడే ఉంది. కొస బెల్టు బకిల్‌ను తాకాలి.

బంతి భోజనానికి కూర్చుంటే కొసను చొక్కా గుండీల మధ్యకు తోసేయండి. అయినా సాంబారు పడిందా, నీళ్లు పెట్టి రుద్దకుండా టిష్యూతో అద్ది డ్రై క్లీనింగ్‌కి ఇవ్వండి.