హరికథకు మైకు పెట్టేటప్పుడు మిక్సర్‌లోని ఎఫెక్టులను వాడే పద్ధతి

గుడి మండపాల్లోనూ కల్యాణ మండపాల్లోనూ కనిపించే చిన్న మిక్సర్లలో చాలావాటికి ఇప్పుడు ఎకో (మాట మళ్లీ మళ్లీ వినబడడం), రివర్బ్ (పెద్ద హాల్లోలా శబ్దం కాసేపు నిలిచి ఆరడం) వంటి ఎఫెక్టులు లోపలే అమర్చి ఉంటున్నాయి. యమహా ఎంజీ శ్రేణిలో పేరు చివర ఎక్స్‌యూ అని ఉండే మిక్సర్లనే చూస్తే, వాటిలో 24 ఎఫెక్టులు ఉంటాయి. ఏ కార్యక్రమంలోనైనా వీటిని వాడే పద్ధతి ఒక్కటే అయినా, హరికథలో ఆ పని చేతనైనవారికి మిగిలినవన్నీ తేలిక. ఎందుకంటే అక్కడ ఒకే మనిషి ఒకే మైకులో కీర్తన పాడతారు, పద్యం చదువుతారు, వచనం చెబుతారు, మధ్యలో పిట్టకథతో నవ్విస్తారు. కీర్తనకు నిండుదనం తెచ్చిన ఎకోయే మరుక్షణం వచనంలోని మాటలను ఒకదానిపై ఒకటి పేర్చి అర్థం కాకుండా చేస్తుంది.

ముందుగా శబ్దం నడిచే దారి తెలియాలి. మైకు నుంచి ఛానల్‌లోకి, అంటే మిక్సర్‌లో ఆ మైకుకు కేటాయించిన వరుసలోకి, వచ్చిన గొంతు రెండుగా చీలుతుంది: ఒక పాయ ఫేడర్ (శబ్దాన్ని పెంచి తగ్గించే జారుడు మీట) మీదుగా నేరుగా మెయిన్‌కు, అంటే హాలు స్పీకర్లకు పోయే దారికి, వెళుతుంది, రెండవది అదే ఛానల్‌లోని ఎఫ్‌ఎక్స్ (ఎఫెక్టు) నాబ్ తెరిచినంత మేరకు ఎఫెక్టు విభాగంలోకి వెళ్లి, అక్కడ తయారైన ప్రతిధ్వనిగా ఎఫెక్టు రిటర్న్ ఫేడర్ గుండా మళ్లీ మెయిన్‌లో కలుస్తుంది. కాబట్టి ఎఫెక్టు వినబడాలంటే ఛానల్‌లోని ఎఫ్‌ఎక్స్ నాబ్, ఎఫెక్టు ఆన్ మీట, రిటర్న్ ఫేడర్ మూడూ తెరిచి ఉండాలి. ఎఫెక్టు పనిచేయడం లేదని మిక్సర్‌ను బాగుచేయించడానికి తీసుకెళ్లే ముందు ఈ మూడింటినీ చూసుకుంటే చాలాసార్లు ఆ ఖర్చు తప్పుతుంది. సాధారణంగా ఎఫ్‌ఎక్స్ నాబ్‌కు శబ్దం ఫేడర్ దాటిన తరువాతే అందుతుంది కనుక, ఛానల్ ఫేడర్‌ను తగ్గిస్తే ఎఫెక్టు కూడా అదే పాళ్లలో తగ్గుతుంది.

ఎఫెక్టు జోలికి పోకముందే పొడి గొంతును, అంటే ఎఫెక్టు కలవని గొంతును, సరిచేసుకోవాలి. గెయిన్ (మైకు నుంచి వచ్చే శబ్దపు బలం) సరిపెట్టి, అడుగు గుంభనాన్ని తీసేసే లో కట్ మీట నొక్కి, ఈక్యూలో (బొంగురు, సన్న శబ్దాల పాళ్లు మార్చే నాబ్‌లలో) మాట స్పష్టంగా వినబడేలా చేసుకున్న తరువాత, రిటర్న్ ఫేడర్‌ను సున్నా గీత దగ్గర ఉంచి, దాసుగారిని ఒక పల్లవి పాడమని కోరి, ఛానల్‌లోని ఎఫ్‌ఎక్స్ నాబ్‌ను నెమ్మదిగా తిప్పాలి. ప్రతిధ్వని ప్రత్యేకంగా చెవికి తగిలిన చోట ఆగి, అక్కడి నుంచి కొద్దిగా వెనక్కి తీసుకోవాలి. ఎఫెక్టును ఒక్కసారి ఆపి చూసినప్పుడు ఏదో వెలితిగా అనిపిస్తే మోతాదు కుదిరినట్టే. ఎఫెక్టు విభాగం దగ్గర ఎర్ర దీపం వెలుగుతుంటే నాబ్ ఎక్కువైందని అర్థం.

ప్రోగ్రాం, అంటే మిక్సర్‌లోని ఎఫెక్టు రకం, ఎంపికలో నా మొగ్గు ప్లేట్ రివర్బ్ వైపే. 1957లో జర్మనీకి చెందిన ఈఎంటీ సంస్థ పెద్ద ఉక్కు రేకును కంపింపజేసి ప్రతిధ్వని పుట్టించే యంత్రాన్ని తెచ్చింది. మిక్సర్ తెరపై కనిపించే ఆ పేరు అలాంటి రేకు నుంచి వచ్చిందే. హాల్ రివర్బ్ తోక (శబ్దం ఆరిపోయే వరకు సాగే భాగం) పొడుగు కాబట్టి నిదానంగా సాగే కీర్తనకు బాగున్నా, త్వరిత గతిలో జతులు పడేటప్పుడు అంతా కలగాపులగమవుతుంది. నిడివి మార్చే వీలుంటే సెకనున్నర లోపు ఉంచడం మేలు. ఎకో, అంటే డిలే, పెట్టవలసి వస్తే దాని వ్యవధిని తాళంతో కలపాలి: నిమిషానికి 80 దెబ్బలు పడే పాటలో ఒక దెబ్బకు 750 మిల్లీసెకన్లు, అందులో సగం 375. ఈ లెక్క కుదరని ఎకో మృదంగంతో పోట్లాడుతుంది.

హరికథలో మరొక చిక్కు ఉంది. దాసుగారి చేతిలోని చిడతల శబ్దమూ కాలి గజ్జెల శబ్దమూ గొంతు మైకులోకే వచ్చి, గొంతుతోపాటు ఎఫెక్టులోకి దూరుతాయి. అందువల్ల మెరుపు (సన్నని, చురుకైన శబ్దం) ఎక్కువున్న రివర్బ్ పెడితే ప్రతి చిడత దెబ్బ వెనుకా బుసకొట్టినట్టు ఒక తోక వినబడుతుంది. మైకును నోటికి దగ్గరగా జరపడం, ఆ మెరుపు తక్కువగా ఉండే ప్రోగ్రాంను ఎంచుకోవడం తప్ప దీనికి వేరే మందు లేదు. మృదంగం ఛానల్‌లో ఎఫ్‌ఎక్స్ నాబ్‌ను మూసి ఉంచవచ్చు. వయొలిన్‌కు కొంచెం ఇస్తే బాగుంటుంది.

కథ మొదలయ్యాక ఆపరేటరు వేలు రిటర్న్ ఫేడర్‌ను వదలకూడదు. పాట ముగిసే ఆవర్తంలో దానిని మెల్లగా దించితే చివరి స్వరం తోక సహజంగా ఆరిపోయి, వచనం పొడిగా మొదలవుతుంది. మీట నొక్కి ఆపేవారు, తోక మెల్లగా ఆరుతుందో టక్కున తెగుతుందో ముందే పరీక్షించుకోవాలి; మిక్సర్ మిక్సర్‌కూ ఇది మారుతుంది. కాలి స్విచ్ పెట్టుకునే వీలున్న మిక్సరైతే చేతులు ఫేడర్లకు మిగులుతాయి. వచనం నుంచి హఠాత్తుగా పద్యం ఎత్తుకునే దాసులున్నారు కనుక, కార్యక్రమానికి ముందే ఆయనతో కూర్చుని కథా క్రమాన్ని తెలుసుకోవడం మంచిది.

మండపానికి సొంతంగా ఉన్న ప్రతిధ్వనిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి, 17 మీటర్ల దూరంలోని గోడకు తగిలి వచ్చిన మాట పదో వంతు సెకను ఆలస్యంగా వేదికకు చేరుతుంది. రాతి మండపంలో అది వేరే ఎకోను అడగదు. ఖాళీ హాల్లో మధ్యాహ్నం సరిపెట్టినది జనం నిండాక పొడిబారుతుంది, ఎందుకంటే మనుషులూ బట్టలూ శబ్దాన్ని పీల్చుకుంటాయి. ఆరుబయట పందిట్లో గోడలే ఉండవు కనుక రివర్బ్ కాస్త ఎక్కువ కావలసి వస్తుంది.

మైకు కూతపెట్టే సమస్య తరచుగా మానిటర్, అంటే వేదిక మీద దాసుగారికి వినిపించే స్పీకర్, దగ్గర పుడుతుంది. ఎఫెక్టును మానిటర్‌కు పంపే నాబ్‌ను తెరిస్తే, మానిటర్‌లో నుంచి వచ్చిన ప్రతిధ్వని మళ్లీ మైకులో పడి, అక్కడి నుంచి ఎఫెక్టులోకి వెళ్లి పేరుకుపోతుంది. దాసుగారు గట్టిగా అడిగితే తప్ప ఆ నాబ్‌ను మూసే ఉంచాలి.

మిక్సర్ నుంచి నేరుగా రికార్డింగ్ తీస్తుంటే, హాలు ప్రతిధ్వని అందులోకి అంతగా రాదు కనుక, అక్కడ ఎఫెక్టు మోతాదును హెడ్‌ఫోన్లలో వేరుగా వినాలి. మంగళం పాడడం పూర్తవుతూనే ఎవరో ఒకరు ప్రసాదం గురించీ బయట అడ్డంగా నిలిపిన కారు గురించీ ప్రకటన చేయడానికి అదే మైకు అందుకుంటారు. హారతి పళ్లెం కదిలేలోపే రిటర్న్ ఫేడర్‌ను పూర్తిగా దించి ఉంచాలి.