వేసవిలో కొండ ఎక్కాలంటే ముందు దిగే టైమ్ చూసుకోండి

రెండేళ్ల కిందట మే నెలలో ఒక ఆదివారం నేనూ మా బావా గుంటూరు నుంచి కొండవీడు కోటకి బయల్దేరాం. దారిలో టిఫిను, ఆ తర్వాత టీ, మధ్యలో పెట్రోలు బంకు. కొండ కిందికి చేరేసరికి ఎనిమిదిన్నర. ఎక్కడం బాగానే ఎక్కాం. పదకొండింటికి దిగుతుంటే బావ ఒక బండ మీద కూర్చోబోయి చటుక్కున లేచాడు. "ఇది రాయి కాదురా, అట్లపెనం!" నవ్వుకున్నాం. ఇంకో పది నిమిషాలకి ఆయన పిక్కలు పట్టేశాయి. తెచ్చుకున్న నీళ్లు అప్పటికే అయిపోయాయి. మిగతా దారంతా ఆయన నా భుజం పట్టుకుని ఒక్కో మెట్టే దిగాడు.

అప్పటి నుంచి నేను కొండ ప్లాన్ తలకిందులుగా వేస్తున్నాను. మీరూ అలాగే వేయండి.

1. దిగే టైమ్ ముందు రాసుకోండి

ఏప్రిల్, మే నెలల్లో మన వైపు ఎనిమిదిన్నరకల్లా కొండ కింద ఉండాలి. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. దిగడానికి గంట, పైన అరగంట, ఎక్కడానికి గంటంపావు. అంటే పావుతక్కువ ఆరింటికి నడక మొదలవ్వాలి. మేలో తెల్లవారేది ఐదున్నర ప్రాంతంలోనే కాబట్టి వెలుతురుకి ఇబ్బంది లేదు, నిద్రకే ఇబ్బంది. పైకి చేరకపోయినా సరే, ఏడింటికి ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి తిరగాలి.

"సాయంత్రం చల్లబడ్డాక పోదాం" అనేవాళ్లు ప్రతి గుంపులో ఒకరుంటారు. ఎండ ముదిరేది మధ్యాహ్నం మూడింటి ప్రాంతంలో. పగలంతా కాగిన బండ ఆ వేడిని చీకటి పడేదాకా వదులుతూనే ఉంటుంది. పైగా వేసవి ఉరుముల వానలు ఎక్కువగా వచ్చేది ఆ సాయంత్రం పూటే.

ఎత్తుకి పోతే చల్లగా ఉంటుంది కదా అంటారా? ఉంటుంది, కిలోమీటరు ఎత్తుకి సుమారు 6.5 డిగ్రీలు. నాలుగు వేల అడుగులు దాటిన హార్సిలీ హిల్స్‌లో ఆ తేడా తెలుస్తుంది. వెయ్యి అడుగులు ఎక్కితే మనకి దక్కేది రెండు డిగ్రీలు. దాన్ని బండలే మింగేస్తాయి. చెట్ల నీడ మీదా ఆశ పెట్టుకోకండి. కొండపల్లి అడవి ఆకురాల్చే అడవి. శీతాకాలంలో నడిచిన చల్లటి దారి ఏప్రిల్‌లో ఉత్త కొమ్మలతో ఉంటుంది.

2. ముందు రోజు రాత్రి వాతావరణం చూడండి

టీవీలో చెప్పే 42 డిగ్రీలు నీడలో కొలిచినవి. గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో థర్మామీటరు పెట్టి చూస్తారు. మీరు ఆ పెట్టెలో నడవరు కదా! మైదాన ప్రాంతాల్లో ఎండ కనీసం 40 డిగ్రీలకి చేరి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే వాతావరణ శాఖ దాన్ని వడగాల్పు అంటుంది. 45 తాకితే మామూలుతో పోల్చకుండానే వడగాల్పు. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా హెచ్చరికలు ఇస్తుంది. మీ కొండ ఉన్న మండలం పేరు అందులో ఉంటే ప్రోగ్రాం మానుకోండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న పెద్దవాళ్లు మనల్ని కొండెక్కమని చెప్పలేదు.

డిగ్రీల కంటే నేను ఎక్కువగా చూసేది గాలి. పడమటి గాలి గట్టిగా వీస్తే సముద్రపు గాలి లోపలికి రాలేదు. బెజవాడ బ్లేజ్‌వాడ అయ్యేది అలాంటి రోజుల్లోనే. ఆ పొడిగాలికి చెమట పట్టినట్టే తెలియదు, ఎప్పటికప్పుడు ఆరిపోతుంది. ఒంట్లో నీళ్లు మాత్రం పోతూనే ఉంటాయి. సముద్రపు గాలి రోజున ఇందుకు తలకిందులు. ఎండ 37 అనే చూపిస్తుంది కానీ ఉక్కపోత. చెమట కారుతుందే తప్ప ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అలాంటి రోజు సగం కొండే ఎక్కి వచ్చేస్తాను.

3. నీళ్లు సగం దాచండి

మనిషికి గంటకి ముప్పావు లీటరు లెక్కేసి, పైన ఇంకో అర లీటరు మోయండి. ఒక సీసాలో సగం నీళ్లు పోసి రాత్రి ఫ్రీజర్లో పడుకోబెట్టి, పొద్దున మిగతా సగం నింపితే ఎనిమిదింటిదాకా చల్లగా ఉంటాయి. ఉత్త నీళ్లే తాగితే చెమటలో పోయిన ఉప్పు తిరిగి రాదు. ఓఆర్ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలపండి. స్పూన్లు తలకొట్టి, అంచుకి సమంగా కొలవాలి.

మంగళగిరి కొండ మీద పానకాల స్వామి పోసిన పానకంలో సగం తాగి సగం వదిలేస్తాడంటారు. కొండెక్కేవాడికి అంతకంటే మంచి లెక్క లేదు. పైకి చేరేసరికి సగం నీళ్లు మిగిలి ఉండాలి.

లేత రంగు, పొడుగు చేతుల నూలు చొక్కా, తడిపి మెడకి చుట్టుకునే తువ్వాలు, పట్టున్న బూట్లు. అగ్గిపెట్టె మాత్రం వద్దు, ఎండుగడ్డి ఒక్క నిప్పురవ్వకే అంటుకుంటుంది.

4. మబ్బుని కనిపెట్టండి

బయల్దేరే ముందు వాన మబ్బులు ఎక్కడున్నాయో చూపే మచిలీపట్నం రాడార్ బొమ్మ, పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ చూసుకోండి. కొండ మీద మాత్రం కళ్లే దిక్కు. కాలీఫ్లవర్ పువ్వులా పైపైకి పొంగే మబ్బు పైభాగం కమ్మరి దాగలిలా చదునైందంటే అది పిడుగుల మబ్బు. ఉక్కగా ఉన్నచోట ఉన్నట్టుండి చల్లటి ఈదురుగాలి దుమ్ము లేపిందా, హాయిగా ఉందని ఆగకండి. నూజివీడు తోటల్లో మామిడికాయలు రాల్చేది ఆ గాలే. వాన నిమిషాల్లో ఉంటుంది.

మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లంటే కిలోమీటరు. ముప్పైలోపు వినిపిస్తే పిడుగు మీ దాకా వచ్చినట్టే. శిఖరం మీంచి, కోట గోడల మీంచి వెంటనే దిగండి. ఒంటరి చెట్టు కిందికి, ముఖ్యంగా తాటిచెట్టు కిందికి పోవద్దు. అద్దాలు ఎత్తిన కారు మంచి చోటు, బైకు కాదు. ఏదీ దొరక్కపోతే పాదాలు దగ్గరపెట్టి గొంతుక్కూర్చోండి, పడుకోకూడదు. ఒకరికొకరు దూరంగా ఉండండి. చివరి ఉరుము తర్వాత అరగంటదాకా నడక మొదలుపెట్టొద్దు.

5. ఎవరికైనా ఎండదెబ్బ తగిలితే

పిక్కలు పట్టడం, తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం మొదటి గుర్తులు. నీడలో పడుకోబెట్టి, కాళ్లు కాస్త ఎత్తులో పెట్టి, ఉప్పు కలిసిన నీళ్లు గుక్కగుక్కగా పట్టండి. మాట తడబడుతున్నా, పిలిస్తే సరిగ్గా పలకకపోయినా వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా అని ఊరుకోవద్దు. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసరండి. మెడ, చంకలు, గజ్జల దగ్గర చల్లటి సీసా పెట్టండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి. ఒకరు ఈ పనిలో ఉండగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. కొండ పేరొక్కటే చెబితే చాలదు. మెట్లదారా, ఘాట్ రోడ్డా, కింది నుంచి ఎంతసేపు నడిచారు అన్నవి కూడా చెప్పండి.