స్టేజీ మీద మాట్లాడటానికి ఏ చీర? నా అనుభవం

చెన్నైలో బయట ఉక్కపోత, హాల్లోకి వెళ్తే వణికించే ఏసీ, పైగా వీడియో తీస్తారట. పట్టుచీర గరగర మైకులో వినిపిస్తుందని వద్దనుకున్నా. టి.నగర్‌లో మంగళగిరి నూలు చీర దొరికింది, ముదురు నీలం, జరీ అంచు. కుచ్చిళ్లు చక్కగా నిలబడతాయి, లావుగానూ కనిపించను (అమ్మే ఒప్పుకుంది, ఇంకేం కావాలి). సన్న గళ్లవి మాత్రం తీసుకోకండి, కెమెరాలో అలలు అలలుగా మినుకుమంటాయి.

అసలు తలనొప్పి మైకు డబ్బా (బట్టలకి తగిలించే చిన్న మైకుకి వైరుతో కలిపి ఉండేది). లంగా బొందుకి తగిలిస్తే ఆ బరువుకి జారుతుంది, అందుకని మా టైలరక్కతో నడుముకి వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ కుట్టించి, డబ్బా వెనకవైపు దానికి తగిలించి, వైరు పైట లోపలినుంచి పైకి తెచ్చాను. మైకు పైట మడతల అంచుకి, గొలుసు తగలకుండా. భుజం దగ్గర రెండు పిన్నులు. చెప్పులు పాతవే, అలవాటైనవి.