నచ్చని బ్లాక్ మెటల్ సీడీని మళ్లీ వినడం ఎలా?

బెంగళూరు అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల కుప్పలో ఆ సీడీ 60 రూపాయలకు దొరికింది. బ్లాక్ మెటల్ అంటే హోరెత్తే గిటార్లు, పరుగెత్తే డ్రమ్ములు, అరుపులతో సాగే రాక్ సంగీతం. ఇది నార్వే బ్యాండు ఉల్వర్ 1995లో తెచ్చిన తొలి ఆల్బమ్ 'బెర్గ్‌టాట్'. అనంతపురం వచ్చి పెట్టుకుంటే రేకుల షెడ్డు మీద వడగళ్లు పడుతున్నట్టుంది. పది నిమిషాలకే ఆపేసి అటక మీద పడేశాను. నాలుగేళ్ల తర్వాత దించి విన్నాక తెలిసింది, నేను వినడమే తప్పుగా విన్నానని. మీ అటక మీదా ఇలాంటిది ఉంటే దించండి.

ముందు డిస్కును లైటుకు ఎత్తి చూడండి. చుక్కలుగా వెలుతురు కనిపిస్తే ఆ చోట పాట పోయినట్టే. పాట ఉండే పొర లేబుల్ కిందే ఉంటుంది, దాని మీద పలచటి పూత తప్ప కాపలా లేదు. మెరిసే వైపు మాత్రం 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ఉంది కాబట్టి చిన్న గీతలకు భయపడక్కర్లేదు.

తుడవడానికి పాత నూలు పంచె ముక్క, నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క చాలు. పెనం మీద దోసె తిప్పినట్టు గుండ్రంగా రుద్దొద్దు. మధ్య నుంచి అంచుకు నేరుగా లాగండి. అడ్డంగా పడిన గీతను ప్లేయర్ సర్దుకుంటుంది, పాట చుట్టు వెంబడే పడిన గీత దగ్గర తడబడుతుంది. నీడలోనే ఆరబెట్టండి. మా ఊరి ఎండకు మిద్దె మీద పెడితే అప్పడమే.

ప్లేయర్ లేకపోతే యూఎస్‌బీ డీవీడీ డ్రైవుతో ల్యాప్‌టాప్‌లోకి ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా పాటను దాచే రకం) ఫైళ్లుగా ఎక్కించుకోండి.

ఇక వినడం. నేను మొదటిసారి మే నెల మధ్యాహ్నం, కూలర్ ముందు కూర్చుని పెట్టాను. కూలర్ మోతా ఈ గిటార్ మోతా ఒకే జాతివి, రెండూ కలిస్తే మిగిలేది రొదే. రాత్రి చల్లబడ్డాక కూలర్ ఆపి, హెడ్‌ఫోన్ పెట్టుకోండి. బాస్ పెంచే సెట్టింగులు తీసేయండి. అప్పటి సీడీలు ఇప్పటి పాటలంత గట్టిగా మోగవు, వాల్యూమ్ కొంచెం కొంచెంగా పెంచుకోవాలి.

గిటార్ తీగను తెరిపి లేకుండా మీటుతూనే ఉంటారు. ఒక్కో మీటునూ పట్టుకోబోతే తలనొప్పే. తంబూర వింటూ మీట్లు లెక్కపెడతామా? డ్రమ్ముల పరుగును దాని మానాన వదిలేసి, అడుగున నిదానంగా మారే స్వరాన్ని పట్టుకోండి. అది చిక్కాక, వెనక భజన బృందంలా సాగే గొంతులు వాటంతటవే పైకొస్తాయి.

పాటల వరుస మార్చొద్దు. ఇది ఐదు అధ్యాయాల కథ, అడవిలో అమ్మాయిని నార్వే జానపద కథల్లోని రాక్షసులైన ట్రోల్‌లు కొండలోకి లాగేసుకుంటాయి. మాటలు నార్వే వాళ్లకే పాతకాలపువి, మనకు అర్థం కాలేదని దిగులెందుకు? మొత్తం కలిపి సుమారు 35 నిమిషాలే. మూడో పాట మధ్యలో మోతంతా తగ్గి ఎవరో పరిగెడుతున్న అడుగులు వినిపిస్తాయి. నేనైతే హెడ్‌ఫోన్ తీసి మిద్దె మెట్ల వైపు చూశాను!

నచ్చితే ఇదే బ్యాండు 1996 ఆల్బమ్ వెతకండి, అందులో అంతా అకూస్టిక్ గిటారే. 1997 నాటి మూడోదాన్ని మాత్రం చివరికి ఉంచుకోండి. అందులో పడేవి నిజం వడగళ్లే.