పిల్లలు పుట్టకముందు పెట్టుకున్న రూల్స్: ఏవి వదలాలి, ఎలా వదలాలి

పెళ్లైన కొత్తలో దాదాపు ప్రతి జంట దగ్గరా ఒక జాబితా ఉంటుంది. మన పిల్లలకి ఫోన్ ఇవ్వం, చాక్లెట్ అలవాటు చెయ్యం, పక్కలో పడుకోబెట్టుకోం, గొంతు పెంచం, చెయ్యెత్తం. పురుడికి పుట్టింటికి వెళ్లి, బిడ్డ అమ్మమ్మ ఒళ్లోకి చేరాక అందులో సగం పోతాయి. పోనివ్వండి, అవన్నీ బిడ్డ మొహం చూడకుండా రాసుకున్నవి కదా. అయితే అన్నీ ఒకే తీరుగా వదిలేస్తే ప్రమాదం, ఒక్కటీ వదలనంటే ఇంట్లో రోజూ గొడవ.

అందుకని ముందు ఇద్దరూ కూర్చుని వాటిని కాగితం మీద రాయండి. ఒక్కోదాని దగ్గర ఆగి, ఇది తప్పితే బిడ్డ ప్రాణానికో ఒంటికో ముప్పా, అలవాటు మారుతుందా, లేక నలుగురిలో మన మాట పోతుందా అని అడగండి. మాట పోతుందనే భయంతో పట్టుకున్నవి ఈరోజే కొట్టేయండి. ప్లాస్టిక్ బొమ్మ ఇంట్లోకి రానివ్వం అన్నామే, ఇప్పుడు మేనమామ తెచ్చేశాడే అని టెన్షన్ పడటం అనవసరం.

ప్రాణానికి సంబంధించినవి మాత్రం ఎవరు అలిగినా వదలొద్దు. ఏడాది నిండేవరకూ తేనె నాలుక మీద చుక్క కూడా వద్దు, అందులో ఉండే ఒక రకం క్రిమి వల్ల పసిపిల్లలకి కండరాలు చచ్చుబడే జబ్బు రావచ్చు. ఆరు నెలల వరకూ తల్లిపాలే, ఎంత ఎండాకాలమైనా విడిగా నీళ్లు అక్కర్లేదు. మనకి పలాస జీడిపప్పు ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది, చుట్టాలెవరో ఒకరు తెస్తారు. ఐదేళ్ల లోపు పిల్లలకి అది గాని వేరుశెనగ గాని పలుకుల్లా చేతికి ఇవ్వకండి, గొంతులో అడ్డం పడుతుంది. మెత్తగా పొడి కొట్టి చోడి (రాగి) జావలో కలపండి, బలమూ వస్తుంది. బండి మీద రామతీర్థం తీసుకెళ్లినా, వీధి చివరికే అయినా, తొమ్మిది నెలలు దాటిన పిల్లలకి హెల్మెట్, నాలుగేళ్ల లోపు వాళ్లని నడిపేవాళ్లకి కట్టే బెల్టు, 40 కిలోమీటర్లు దాటని వేగం ఉండాలి. 2023 ఫిబ్రవరి నుంచి ఇది చట్టం కూడా.

ఇవి పెద్దవాళ్లకి చెప్పేటప్పుడు ఎవరి అమ్మకి వాళ్లే చెప్పుకోండి. "అమ్మా, డాక్టరు గారు వద్దన్నారు" అని కొడుకు అంటే వింటారు, అదే మాట కోడలు అంటే నాలుగు రోజులు మాటలుండవు.

పక్కలో పడుకోబెట్టుకోం అన్నది మన ఇళ్లలో ఎలాగూ నిలవదు. కాకపోతే మెత్తటి పరుపు, బరువు దుప్పటి, సోఫా వద్దు. పక్కన పడుకునేవాళ్లు మందు గాని చుట్ట, సిగరెట్టు గాని తాగేవాళ్లైతే బిడ్డని వేరే పక్క మీద వేయండి.

అసలు తంటా అంతా ఫోన్, మిఠాయి లాంటి వాటి దగ్గరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రెండేళ్లు నిండేవరకూ తెర వద్దనీ, ఐదేళ్ల లోపు రోజుకి గంట మించొద్దనీ చెప్పింది. మద్రాసులోనో గల్ఫులోనో పని చేసే నాన్నతో వీడియో కాల్‌ని మాత్రం ఇందులో లెక్కేయకండి, అది మనిషితో మాటే. మిగతాదానికి నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: రూల్ తప్పాలనుకుంటే ఏడుపుకి ముందే తప్పండి. పాలకొండ బస్సు ఎక్కకముందే "బస్సులో రెండు పాటలు చూద్దాం, అయ్యాక నాన్న జేబులో పెట్టేస్తారు" అని చెప్పి, ఆ రెండే ఫోన్లో దింపుకుని ఉంచండి, ఒకదాని వెంట ఒకటి వాటంతట అవి రాకుండా. ఏడ్చి ఏడ్చి గుంటడు కింద పడి దొర్లాక, చుట్టూ నలుగురూ చూస్తున్నారని ఇచ్చారంటే, ఇంకాస్త గట్టిగా ఏడిస్తే దొరుకుతుందని మనమే నేర్పినట్టు. రోజూ ఇచ్చేదాని కన్నా ఒకరోజు ఇచ్చి ఒకరోజు ఇవ్వకపోవడం ఇంకా చెడ్డది, ఎప్పుడు దొరుకుతుందో తెలియదు కాబట్టి పట్టు వదలరు. ఇప్పటికే ఆ అలవాటు పడి ఉంటే, ఇవ్వడం ఆపిన మొదటి రోజుల్లో ఏడుపు తగ్గకపోగా పెరుగుతుంది. సరిగ్గా అక్కడే చాలామంది చేతులెత్తేస్తారు. పక్కింటివాళ్లకి ముందే చెప్పి పెట్టుకుని, ఒళ్లో కూర్చోబెట్టుకోండి, ఓదార్చండి, ఫోన్ మాత్రం తియ్యకండి.

పండగలకి సడలించేటప్పుడు ఎప్పటితో అయిపోతుందో ముందే చెప్పండి. విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు మిఠాయి తినొచ్చు, బుడగ కొనుక్కోవచ్చు, తెల్లారితే మామూలే. మర్నాడు అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. "తీర్థం అయిపోయింది నానా, మళ్లీ సంక్రాంతికి" అనండి. సంక్రాంతికి మర్చిపోకుండా కొనండి కూడా.

ఇద్దరిలో ఎవరు రూల్ తప్పినా రెండోవాళ్లు పిల్లల ముందు నిలదీయొద్దు, ఆ లెక్కలు రాత్రి పిల్లలు పడుకున్నాక చూసుకోండి. అరిచారా, కోపం దిగాక దగ్గర కూర్చుని "అమ్మ అరిచింది, అలా అరవకూడదు" అని అక్కడితో ఆపండి. "నువ్వు అల్లరి చేశావు కాబట్టి" అని తోక తగిలించొద్దు.

ఇక చుట్టాలు. ఏ పెళ్లిలోనో ఫోన్ పట్టుకున్న మీ బిడ్డని చూసి "ఏటే, మా పిల్లలు చూస్తుంటే అప్పుడెన్ని మాటలన్నావు" అని ఎవరో ఒకరు అంటారు. సంజాయిషీలు మొదలెట్టకండి. "అవునప్పా, అన్నాను, ఇప్పుడు కొన్ని మార్చుకున్నాం. మీ వాడికి అన్నం దగ్గర ఫోన్ ఎలా మాన్పించావేంటి?" అని అడిగి చూడండి. ఆవిడ పక్కనే కూర్చుని మొత్తం చెబుతుంది.