ఎర్రగడ్డ సంతలో కొన్న వాల్వులు, మొదటి రెండు రోజులు

ఎర్రగడ్డ ఆదివారం సంతలో గోనెపట్టా మీద నాలుగు ఈఎల్84 వాల్వులు, అంటే ఆంప్లిఫయర్‌లో సౌండ్ పెంచే గాజు గొట్టాలు, దొరికాయి. బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) కంపెనీవి, పెట్టెలు కూడా విప్పలేదు. పనిచేస్తాయా భాయ్ అంటే "రిటర్న్ లేదు సార్" అన్నాడు. అదే జవాబు.

ఇలాంటివి తేగానే ఆంప్లిఫయర్‌లో గుచ్చి స్విచ్ వేయకండి. ఏళ్ల తరబడి పడున్న వాల్వులో లోపలి లోహం నుంచి కాస్త వాయువు బయటపడి ఉండొచ్చు. ముందు గ్లాసు కొన చూడండి. లోపల అద్దంలా మెరిసే బేరియం పూత కనిపిస్తుంది, దాన్ని గెటర్ అంటారు. మిగిలిన వాయువును పట్టేసుకునేది అదే. అది పాలలా తెల్లబడిందంటే గాలి దూరినట్టే, ఇక పారేయడమే. నా నాలుగింటిలో ఒకటి అలా పోయింది. పిన్నులు నల్లబడి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, గరుకు కాగితం వద్దు.

తర్వాత నానబెట్టడం, అంటే వాల్వు లోపలి వేడి తీగ (హీటర్) ఒక్కటే వెలిగించి ఉంచడం. పప్పు నానబెట్టినట్టే, తొందరపడితే లాభం లేదు. కోఠీ గుజరాతీ గల్లీలో తొమ్మిది పిన్నుల సాకెట్లు రెండు, 6-0-6 ట్రాన్స్‌ఫార్మర్ 2 ఆంపియర్లది ఒకటి తెచ్చాను. ఈఎల్84 హీటర్‌కు 6.3 వోల్టులు, 0.76 ఆంపియర్లు కావాలి. ట్రాన్స్‌ఫార్మర్ మధ్య తీగకూ ఒక చివరకూ మధ్య వచ్చే 6 వోల్టులు చాలు. రెండు చివర్లూ కలిపితే 12 వోల్టులు వచ్చి హీటర్ మాడిపోతుంది, జాగ్రత్త. నాలుగు, ఐదు పిన్నులకు కలిపి, హీటర్ మాత్రమే వెలిగించి ఒక పగలూ రాత్రీ వదిలేశాను. వారాల తరబడి మాత్రం ఉంచకండి. హీటర్ వేడికి ఎలక్ట్రాన్లు వదిలేది కాథోడ్, వాటిని అందుకునేది ప్లేటు. ప్లేటుకు కరెంటు పారకుండా కాథోడ్ ఎక్కువకాలం వేడెక్కితే దానికే చెడ్డది.

ఇప్పుడు ఆంప్లిఫయర్. మొదటిసారి మెయిన్స్‌కు సిరీస్‌లో 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బు పెట్టండి. మొదట వెలిగి తగ్గితే మంచిది, పూర్తి కాంతితో అలాగే ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది, వెంటనే ఆపండి. స్పీకర్ తగిలించకుండా మాత్రం ఎప్పుడూ ఆన్ చేయొద్దు. అన్నీ సవ్యంగా ఉంటే బల్బు తీసేసి మీటర్ పట్టండి.

నాది ఛానెల్‌కు ఒక్క వాల్వు రకం, కాథోడ్ రెసిస్టర్ 135 ఓములు. దాని మీద 7.3 వోల్టులు ఉంటే 54 మిల్లీ ఆంపియర్లు పారుతున్నట్టు. అందులో ఐదారు స్క్రీన్ అనే లోపలి జాలికి పోతాయి, మిగిలిన 48 దాకా ప్లేటుకు. ప్లేటు దగ్గర 250 వోల్టులుంటే ఇక 12 వాట్లు, అంటే ఈ వాల్వు భరించగల హద్దు. పది నిమిషాలకు, గంటకు, మర్నాడు కొలిచి రాసుకోండి. కాస్త అటూ ఇటూ అయితే సహజం. ఆ 7.3 కాస్తా 8, 8.5 వోల్టులు అంటూ పైకే పోతుంటే ఆపేయండి.

ఇక్కడే నేను మోసపోయాను. వెనకటి జతలో ఎడమ వాల్వు ప్లేటు ఎర్రబడింది. వాల్వు చెడిందనుకుని చెత్తబుట్టలో వేశాను. కొత్తది పెడితే అదీ ఎర్రబడింది! చూస్తే, పాట సిగ్నల్‌ను మాత్రమే వాల్వుకు పంపాల్సిన కప్లింగ్ కెపాసిటర్ లీకై, కరెంటును అదుపు చేసే జాలికి (గ్రిడ్) పాజిటివ్ వోల్టేజీ పంపుతోంది. చెడ్డ వాల్వని తేల్చే ముందు ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చి పెట్టి చూడండి: లోపం వాల్వుతో వెళ్తే వాల్వుది, అక్కడే ఉంటే సర్క్యూట్‌ది. మార్చే ముందు స్విచ్ ఆపి, కెపాసిటర్లలో వోల్టేజీ దిగిందో లేదో మీటర్‌తో చూడండి. మా ఆవిడ నా చేతికి రబ్బరు గ్లోవ్స్ ఇచ్చి పక్కన నిలబడుతుంది, ఆ టెన్షన్ ఆమెది.

గ్లాసు గోడ మీద పాటతో పాటు కదిలే నీలి వెలుగు చూసి భయపడకండి. లోపల ఎలక్ట్రోడ్ల మధ్య గులాబీ, ఊదా మేఘంలా కనిపిస్తేనే అది వాయువు.

"వంద గంటలకు సౌండ్ తెరుచుకుంటుంది" అంటారు. కొంత నిజమే కావచ్చు. ఎక్కువ భాగం మన చెవులే అలవాటు పడతాయని నా అనుమానం. నేను మొదటి వారం రోజుకు నాలుగైదు గంటలు మామూలు సౌండ్‌లో వినేసి, మళ్లీ కొలిచాను. ఎడమ 7.2 వోల్టులు, కుడి 7.4. పెన్సిల్‌తో వాటి పెట్టెల మీదే రాసిపెట్టాను.